వడ్రంగి పిట్టకు విస్తరి వేస్తే

ఇంటికి పిలిచిన అతిథికి మనకు ఇష్టమైంది పెట్టాలా, వాళ్లకు ఇష్టమైంది పెట్టాలా? ఈ ప్రశ్న మీరెప్పుడైనా వేసుకున్నారా? నేను వేసుకోలేదు. ఇరవై ఏళ్లుగా సంసారం చేస్తూ, వచ్చినవాళ్లందరికీ నా గుత్తివంకాయే వడ్డించి, "మొహమాటపడకండి, ఇంకొంచెం" అని మారు వేసి, నేనెంత మంచి ఇల్లాలినో అనుకుంటూ బతికేస్తున్నాను. నాచేత ఆ ప్రశ్న వేయించింది మనిషి కాదు. పిడికెడంత పిట్ట.

పోయిన శీతాకాలం న్యూజెర్సీలో మా చెల్లెలింట్లో రెండు నెలలున్నాను. పెరడంతా మంచు. దాని తొమ్మిదేళ్ల కొడుక్కి పిట్టల పిచ్చి. కొమ్మకు గూడు కట్టి పొద్దుతిరుగుడు గింజలు పోస్తాడు. పిచ్చుకలు వస్తాయి, వాటిని తరిమి ఉడతలు వస్తాయి. వాడికి కావలసింది మాత్రం వడ్రంగి పిట్ట. అక్కడి వాటిలో చిన్నదాన్ని డౌనీ అంటారు. మన పిచ్చుకంత ఉంటుంది. నలుపు తెలుపు గళ్లచీర చుట్టుకున్నట్టుంటుంది. ఎర్రబొట్టు మగదానికేనండోయ్, అదీ తల వెనక! ఫిబ్రవరి వచ్చేసరికి పెరటి చివర ఎండిపోయిన మేపిల్ చెట్టు మీద టకటకా దరువు మొదలుపెట్టింది. ఆ దరువు పురుగుల కోసం కాదట. ఈ చోటు నాదని చాటింపు, తోడు కోసం పిలుపూను. దరువే తప్ప వీడి గింజల వైపు తొంగిచూడదు.

ఒకరోజు వాడు వాళ్ల నాన్నతో బజారుకెళ్లి సబ్బుబిళ్లలాంటిదొకటి, దాన్ని పెట్టే తీగల పంజరమూ తెచ్చాడు. సూయెట్ అట. వంటింటి బల్ల మీద పెట్టాడు.

"ఇదేమిట్రా?" అంది వాళ్ల బామ్మ.

"కౌ ఫ్యాట్, బామ్మా. ఆవు కొవ్వు. మూత్రపిండాల చుట్టూ ఉంటుందే, అది. చలిలో దానికి ఒళ్లు వెచ్చగా ఉండాలి కదా!"

పిల్లవాడు నిజమే చెప్పాడు. చలికాలంలో పురుగులు బెరడు లోపల దాక్కుంటాయి. అంత చిన్న ఒంట్లో వేడి నిలబెట్టుకోవాలంటే కొవ్వును మించింది లేదు. కానీ ఆవిడ ఉల్లిపాయ కూడా ఏకాదశినాడు తరగనివ్వని మనిషి. ఆ బల్లను మూడుసార్లు కడిగించింది. మా చెల్లెలు బిక్కమొహం వేసింది. మా మరిది ఆఫీసు పనంటూ మేడెక్కేశాడు. ఇలాంటప్పుడు మగవాళ్లకు ఆఫీసు ఎంత చక్కగా గుర్తొస్తుందో!

చివరికి నేనే మధ్యవర్తినయ్యాను. మొక్కజొన్న పిండిలో వేరుశెనగ ముద్ద కలిపి, ఒక కట్టెకు చిల్లులు పెట్టించి, అందులో కూరి వేలాడదీశాం. అయిదోరోజున వచ్చింది. కట్టెను నిలువునా కరుచుకుని, తోకను మూడోకాలులా ఆనించుకుని, టుక్ టుక్ మని తింది. పిల్లవాడు ఊపిరి బిగబట్టి చూశాడు. బామ్మగారి కళ్లలో ఎంత గర్వమో! "చూశావా అమ్మాయ్, మంచిది పెడితే తినదూ?" అంది నాతో.

మీరైతే అక్కడితో తృప్తిపడేవారేమో. నాకే ఒక దిక్కుమాలిన బుద్ధి. ఆ పిట్ట మన ముద్ద తిని, తిన్నగా ఎండిన మేపిల్ మీద వాలి, బెరడు చీల్చి పురుగును లాగి మింగడం చూశాను. ఆవిడకూ చూపించాను.

"బయటేం తింటుందో దాని ఖర్మ. నాచేత్తో పెట్టలేదు, చాలు" అందావిడ.

ఆ మాట నన్నూరికే వదల్లేదు. తప్పని అనలేను. నా చెయ్యి ఏం చేస్తోందో చూసుకోవడం చిన్న సంగతి కాదు. అందరూ ఆ మాత్రం చూసుకుంటే లోకంలో సగం ఘోరాలు జరగవు. కానీ ఆ పిట్టను పిలిచింది దాని ఆకలి కోసమా, మన పెట్టే గుణం చూసుకుని మురవడానికా?

ఎందుకంటే అదేవారం ఆ మేపిల్ కొట్టడానికి ఎంతవుతుందో చెప్పడానికి మనిషి వచ్చాడు. ఎండిన చెట్టు పెరటికి అందం కాదు, పైగా గాలికి కొమ్మ విరిగి ఎవరి మీదైనా పడితే? బేరం వింటూ కుర్రాడు అడిగాడు, "మరి అది ఎక్కడుంటుంది?" అని.

మనం వేలాడదీసే ముద్ద దానికి చిరుతిండి. కాపురం, భోజనం, చాటింపు అన్నీ పుచ్చిన మానులోనే. ఏడాదికో కొత్త తొర్ర తొలుచుకుంటుంది, పాతది ఇంకో చిన్న పిట్టకో ఉడతకో ఇల్లవుతుంది. ఆ దేశంలోనే ఐవరీబిల్ అని అరమీటరు పొడుగు వడ్రంగి పిట్ట ఉండేది. చావుకు దగ్గరపడ్డ పెద్ద చెట్లలోని పురుగులే దాని తిండి. లూసియానాలో దాని చివరి అడవుల్లో ఒకదాని పేరు సింగర్ ట్రాక్ట్. అవును, మన అమ్మల కుట్టుమిషన్ల మీద బంగారు అక్షరాలుండేవే, ఆ సింగరే. ఆ కంపెనీ అడవే అది. చెట్లన్నీ కలపకు పోయాయి. అందరూ ఒప్పుకునే చివరి చూపు అక్కడే, 1944లో, ఒంటరి ఆడపిట్ట. ఆ తరవాత చూశామన్నవాళ్లున్నారు గానీ అందరూ నమ్మేలా ఎవరూ చూపించలేదు.

ఇదంతా చెల్లెలికి చెప్పాను. "నువ్వు మాత్రం ఏం చేశావక్కా?" అంది. దానికి గుర్తుంది.

అమలాపురంలో మా పెరట్లో కొమ్ముపురుగు పట్టి, మొవ్వు ఎండి, తలపోయిన కొబ్బరిమాను ఒకటుండేది. దానికో గుండ్రని తొర్ర. బంగారు వీపు, ఎర్రజుట్టు వడ్రంగి పిట్టల జంట వచ్చిపోతుండేది. వాటి కూత నవ్వినట్టుంటుంది. వైశాఖంలో మావాడి ఒడుగు పెట్టుకున్నాం. ఎండిన మాను ఎదురుగా శుభకార్యమేమిటన్నారు అత్తగారు. నాకూ అదే అనిపించింది, ఆవిడ మీద తోసేయను. మనిషిని పిలిపించింది నేనే. మాను పడ్డాక అతను తొర్రలోకి చూసి, "అమ్మగారూ, ఓసారి ఇలా రండి" అని పిలిచాడు. బూరెల పిండి చేతిలో ఉందన్నాను. వెళ్లలేదు. పిండి నిజంగానే ఉంది.

మొన్న చెల్లెలు ఫోన్ చేసింది. కొమ్మలు మాత్రం కొట్టించి మాను ఉంచేశారట. పక్కింటివాళ్లకు నచ్చలేదట. బామ్మగారు ఏమన్నారని అడిగాను. "రోజూ కిటికీలోంచి దాన్నే చూస్తూ కూర్చుంటున్నారక్కా. మేపిల్ వైపు మాత్రం కాదు, ఆ ముద్ద వైపు" అంది.