వట్టి చేతులతో

హైదరాబాద్ ఎస్సార్ నగర్ చౌరస్తాలో ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్ర విగ్రహం కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న నన్ను తొలుస్తుంది: ఆ రోజు ఆయన ఎందుకు పరిగెత్తాడు?

1999 సెప్టెంబరు 4. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. పీపుల్స్‌వార్ నక్సలైట్లు కాల్పులు జరిపారు. గన్‌మ్యాన్, డ్రైవరు బలైపోయారు. ఉమేశ్‌చంద్ర కారు దిగి, కాల్చినవాళ్ల వెంటపడ్డాడు. చేతిలో ఆయుధం లేదు. అది గమనించి వాళ్లు వెనక్కి తిరిగి కాల్చి చంపారు.

వీరస్వర్గం అంటారు. నాకు మింగుడుపడదు. చావుకు సిద్ధపడి వెళ్లినవాడి కోసం పుట్టిన మాట అది. ఆ కొద్ది క్షణాల్లో సిద్ధపడే వ్యవధి ఎక్కడిది? ఆలోచన కంటే ముందే కాళ్లు కదిలితే దాన్ని ధైర్యమనాలా, అలవాటనాలా? కడప ఎస్పీగా ఫ్యాక్షన్ ముఠాలకు కొరకరాని కొయ్య అయిన మనిషి. వెంటపడటం ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. అలవాటే అనుకుందాం. అయితే అంత మంచి అలవాటు చేసుకోవడమే ధైర్యం కాదా?

కానీ ధైర్యమే కొలబద్ద అయితే ఆ గన్‌మ్యాన్ సంగతేమిటి? ఆ డ్రైవరు సంగతేమిటి? వాళ్లకు పరిగెత్తే అవకాశమే రాలేదు. ఆ చౌరస్తా దాటే మనలో వాళ్ల పేర్లు ఎందరికి తెలుసు? ఏటా అక్టోబరు 21న, 1959లో లద్దాఖ్ హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పోయిన పోలీసు జవాన్లను తలుచుకునే రోజున, గోషామహల్ మైదానంలో తుపాకులు తలకిందులవుతాయి. గడిచిన ఏడాదిలో విధుల్లో పోయిన పోలీసుల పేర్లు చదువుతారు. అక్కడ ఎవరి ధైర్యాన్నీ తూచరు. ఆ పద్ధతే నాకు నచ్చుతుంది.

నిజం చెప్పాలంటే, ఆయన కారు చాటున నక్కి బతికి ఉంటే బాగుండేదనిపిస్తుంది. కొత్తగా ఖాకీ తొడుక్కున్న కుర్రాడికి ఆ పరుగును పాఠంగా చెప్పడం నాకు ఇష్టం లేదు. వట్టి చేతులతో పొమ్మని మనం ఎవరినీ అడగకూడదు. అయినా ఆ పరుగు మీద గౌరవం రవ్వంత కూడా తగ్గదు. ఎందుకు? తనతో పాటు ఆ బండిలో ఉన్న ఇద్దరు కళ్లముందే నేలకొరిగారు. ఉద్యోగధర్మం కాదు, స్వర్గమూ కాదు, ఆ ఇద్దరి కోసమే పరిగెత్తాడేమో. రుజువు లేదు, కానీ నేను నమ్ముతున్నది ఇదే. అందుకే ఆ విగ్రహానికి దండ వేసేవాళ్లు ముందు ఆ ఇద్దరి పేర్లు చదవాలి, తర్వాతే ఆయన పేరు.