కాపలా కాసేవారికి కృతజ్ఞత

మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాలేడని దైవప్రవక్త (స) బోధించారు. మనం హాయిగా నిద్రపోయే వేళ సరిహద్దులో మేల్కొని ఉండే సైనికుని ఋణం ఈ బోధన పరిధిలోకి రాదా?

2021 జూలై 8న జమ్మూ ప్రాంతంలోని సుందర్‌బనీ సెక్టారులో ఉగ్రవాదులతో పోరాడుతూ జవాను మరుప్రోలు జశ్వంత్ రెడ్డి అమరుడయ్యారు. వయసు 23 ఏళ్ళు. ఊరు బాపట్ల దగ్గరి దరివాద కొత్తపాలెం. అప్పటికి అది గుంటూరు జిల్లాలోనిదే. ఆయన కాపాడిన సరిహద్దు వెనుక మన ఇళ్ళూ, మన మస్జిదులూ ఉన్నాయి. మేలు చేసినవాని మతం అడిగి కృతజ్ఞత చెప్పమని ఇస్లాం నేర్పలేదు. 1965 యుద్ధంలో శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి ప్రాణమిచ్చిన హవల్దారు అబ్దుల్ హమీద్‌ను దేశమంతా తనవాడనుకుంది, పరమవీర చక్రతో గౌరవించింది.

అయితే పంద్రాగస్టు నాటి సలాముతో మన బాధ్యత తీరిపోదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి గస్తీ తిరుగుతూ, యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఒక ఇల్లాలు పడే వేదన విన్నారు. కొన్ని నెలల గడువు మించి సిపాయిలను ఇంటికి దూరంగా ఉంచరాదని ఆదేశించారు. సైనికుని త్యాగంలో అతని ఇంటివారికీ వాటా ఉందన్నమాట!

మన పత్తి, మిరప పల్లెల్లోనూ అలాంటి ఇళ్ళున్నాయి. మిరప కోతల వేళ కూలీలు దొరక్క ఆ వృద్ధ తల్లిదండ్రులు అవస్థపడుతుంటే చేయి సాయం చేద్దాం. మాజీ సైనికుని వితంతువు పింఛను కాగితాలతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళాల్సి వస్తే, చదువుకున్న మన పిల్లలను తోడు పంపుదాం.

మేలు మరువని వారిలో అల్లాహ్ మనల్ని చేర్చుగాక! ఆమీన్.