తొలి ప్రవేశం

రంగపూజ చేయక నాటకం ఆడరాదని నాట్యశాస్త్రం విధించినది. ప్రేక్షకుని లక్షణాలను కూడా అది చెప్పినది: పాత్ర సంతోషించినప్పుడు సంతోషించి, శోకించినప్పుడు శోకించగలవాడే నిజమైన ప్రేక్షకుడు. అయితే నాటకం ముగిసి దీపాలారిన పిమ్మట ఆ ప్రేక్షకునికి నటుని యెడల ధర్మమేదైనా మిగిలి ఉంటుందా?

1874 డిసెంబరులో కలకత్తాలోని గ్రేట్ నేషనల్ థియేటర్‌లో 'శత్రుసంహార్' అనే నాటకం ఆడారు. అందులో ద్రౌపది చెలికత్తెగా ఒక బాలిక తొలిసారి రంగమెక్కినది. పాత్ర చాలా చిన్నది. ఆ బాలికే తరువాత వంగ రంగస్థలంపై ప్రసిద్ధి కెక్కిన వినోదినీ దాసి. దీపాల కాంతిలో, అన్ని కళ్ళ ఎదుట, ఒళ్ళంతా చెమర్చి కాళ్ళు వణకిన సంగతిని ఆమె తన ఆత్మకథలో వ్రాసుకున్నది.

ఆ వణుకును పసితనపు బెదురని కొట్టివేయడం సులభం. మాటలు మరచిపోదునేమో అన్న భయం నిజంగా చిన్నదే; అభ్యాసంతో అది పోతుంది. దాని వెనుక మరొక భయం ఉన్నది. తన కంఠాన్నీ కన్నీటినీ అపరిచితులకు అప్పగించిన మనిషి, వారు వాటిని ఏమి చేస్తారో ఎరుగడు. తొలి ప్రవేశం విద్యకు పరీక్ష అని లోకం అంటుంది. పరీక్షకు నిలిచినది ప్రేక్షకుడు కూడా.

ఆ పరీక్షలో కలకత్తా ప్రేక్షకులు ఎట్లా నిలిచారు? 1873లో బెంగాల్ థియేటర్ స్త్రీ పాత్రలకు నలుగురు నటీమణులను తీసుకున్నది. కులస్త్రీలు రంగమెక్కే కాలం కాదు గనుక వారిని వేశ్యావాటికల నుండి తెచ్చారు. తమ గడప తొక్కనీయని స్త్రీలే తమ పురాణనాయికలై కనిపించగా ఆ ప్రేక్షకులు కరతాళధ్వనులు చేశారు. 1883లో కొత్త నాటకశాల కట్టడానికి ధనం కావలసివచ్చినది. వినోదిని ఒక ధనికుని ఆశ్రయానికి అంగీకరించినందువల్లనే ఆ ధనం సమకూరినది. శాలకు తన పేరు పెడతామని తోటివారు మాట ఇచ్చారని ఆమె వ్రాసినది. చివరకు పెట్టిన పేరు 'స్టార్'. మరుసటి ఏడు అదే శాలలో ఆమె చైతన్యుని పాత్ర ధరించగా, చూడవచ్చిన శ్రీరామకృష్ణ పరమహంస ఆమెను ఆశీర్వదించారు. 1887 నాటికి ఆమె రంగాన్ని విడిచినది.

కళాకారునికి పేరుపై మమకారం ఎందుకని కొందరు అడుగవచ్చు. తన్ను తాను మరచి పాత్రలో లీనమగుటయే నటధర్మం కదా అనవచ్చు. ఆ మాటలో సత్యం ఉన్నది. అయితే తనను తాను మరచిపోవడం వేరు, ఇతరులు తనను మరచిపోవడం వేరు. మొదటిది త్యాగం; ఉన్నదానిని తానై విడిచినప్పుడే అది త్యాగమవుతుంది. రెండవది అపహరణ. నటి చేసిన ఆత్మవిస్మృతిని సాకుగా చేసుకుని ఆమెకు ఇవ్వవలసినది ఎగవేసినవాడు, ఆమె త్యాగాన్ని పొగడినకొద్దీ మరింత దోషి అవుతాడు.

వినోదిని 1941లో మరణించినది. 2024 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి కలకత్తాలోని స్టార్ థియేటర్‌కు ఆమె పేరు పెట్టుతున్నట్లు ప్రకటించారు. ఇది సంతోషించదగిన విషయమే. కాని 1883లో మాట ఇచ్చినవారు వేరు, ఇప్పుడు చెల్లించినవారు వేరు. ఆ పేరును కన్నులార చదువుకోవలసిన మనిషి లేదు. ఈ సాయంకాలం ఎక్కడో ఒక బాలిక తెర వెనుక వణకుతూ నిలిచి ఉంటుంది. ఆమె అభినయానికి చప్పట్లు కొట్టబోయేవారు ముందుగా ఆమె పేరు అడిగి తెలుసుకోవడం మేలు.