సేవ, వెట్టి: సరస్సు ఒడ్డున కలిగిన ఒక సందేహం

మేము నివసించే శాండ్రింగ్‌హామ్ నుండి వెస్టర్న్ స్ప్రింగ్స్ సరస్సు కారులో కొద్ది నిమిషాల దూరం. త్రీ కింగ్స్ అనే పాత అగ్నిపర్వతం మీద కురిసిన వాన, చల్లారిన లావా రాళ్ళ సందులలో భూమి క్రింద ప్రవహించి, అక్కడ ఊటగా పైకి వచ్చి సరస్సుగా నిలుస్తున్నది. మావోరీలు దానిని తె వై ఓరెయా అంటారు. పాముచేపల నీరు అని అర్థం. 1877లో ఆ ఒడ్డున పంపుశాల కట్టి, ఆవిరి యంత్రంతో ఆక్లండు నగరానికి నీరు తోడినారు. ఆ పంపుశాల ఇప్పుడు మోటాట్ అనే రవాణా, సాంకేతిక వస్తు ప్రదర్శనశాలలో భాగం. అక్కడి నుండి జంతుప్రదర్శనశాల వైపుగా, సరస్సు చుట్టూ ఉన్న ఉద్యానవనం అంచు వెంబడి, పాతకాలపు ట్రాములు పట్టాలపై నడుస్తుంటాయి.

గడచిన వేసవిలో ఎనిమిదేళ్ళ మా మనుమరాలిని ఆ ట్రాము ఎక్కించినాను. ఆక్లండులో విద్యుత్ ట్రాములు 1902 నుండి 1956 వరకు నడిచినవి; ఒకప్పుడు మా శాండ్రింగ్‌హామ్ రోడ్డు మీద కూడా వాటి గంట మ్రోగేది. నగరం వాటిని తీసివేసిన తరువాత కొందరు ఔత్సాహికులు మిగిలిన పెట్టెలను కాపాడి, 1967లో మోటాట్‌లో తిరిగి నడపడం మొదలుపెట్టినారు. చెక్క బల్లలు, ఇత్తడి పిడులు, కిటికీలోంచి నల్ల హంసలు, గడ్డి మీద పిల్లలు. మనుమరాలు అన్నింటినీ చూచి అడిగింది: "తాతా, ఇది ఎక్కడికి పోతుంది?"

"జంతువుల దగ్గరికి పోయి, మళ్ళీ వెనక్కి వస్తుంది."

"అంతేనా? మరి ఎందుకు నడుస్తుంది?"

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా ట్రాము ఆగింది. నడిపే పెద్దమనిషి దిగి, పైనున్న విద్యుత్ తీగకు ఆనుకొనే కర్రను తాడుతో రెండవ వైపుకు త్రిప్పుతున్నాడు. ఆయన పింఛను పుచ్చుకునే వయసువాడు. మాటలలో తెలిసింది, ఆయనకు జీతం లేదట. వారాంతాలలో వస్తాడు, ట్రాము నడుపుతాడు, నడపని రోజున కొట్టంలో పాత పెట్టె రంగు గీకుతాడు. నాలుగు నెలలుగా ఒక్క తలుపు మీదనే పని చేస్తున్నాడట. గోళ్ళ సందులలో నల్లని జిడ్డు. దానిని చూడగానే మా తాతగారి చేతులు జ్ఞాపకం వచ్చినవి. ఈ వ్యాసం అక్కడ పుట్టింది.

మా తాతగారు విశాఖపట్టణం జిల్లా వారు. దక్షిణాది నుండి ఫిజీకి గిర్మిట్ ఓడలు 1903 నుండి 1916 వరకు వచ్చినవి. ఆయన ఆ ఓడలలో ఒకదానిపై మదరాసు రేవు నుండి వచ్చిన మనిషి. మన పాఠకులకు గిర్మిట్ కథ క్రొత్త కాదు గనుక విస్తరించను. ఐదేళ్ళ ఒడంబడిక, పది అడుగులకు ఏడు అడుగుల గది, పూర్తి పనికి మగవానికి ఒక షిల్లింగు, ఆడుదానికి తొమ్మిది పెన్నీలు. తాతగారి పని చెరకు కోత మాత్రమే కాదు. కోసిన చెరకు మిల్లుకు చేర్చడానికి కంపెనీ వారు రెండడుగుల వెడల్పు గల చిన్న రైలు మార్గం వేసినారు. పొలంలోకి మాత్రం ఎత్తిపెట్టే పట్టాలు ఉండేవి. ఒక మడి కోత పూర్తి కాగానే ఆ పట్టాలను భుజాలపై మోసుకొనిపోయి ప్రక్క మడిలో పరచాలి. ఎండకు కాగిన ఇనుము. ఆయన కుడి భుజం మీద ఒక కాయ ఉండేది; చిన్నతనంలో మేము దానిని నొక్కి ఆడుకునేవాళ్ళం.

ఇప్పుడు నా సందేహం. ఆ ట్రాము మనిషి చేతిలోనిది ఇనుము, తైలం, చెమట. మా తాత చేతిలోనిదీ అదే. ఒకదానిని సేవ అంటున్నాము, రెండవదానిని వెట్టి అంటున్నాము. ఆ భేదం ఎక్కడ ఉన్నది?

కూలిలో ఉన్నదనడానికి వీలు లేదు. వెట్టి అనగా కూలి లేని చాకిరి అని నిఘంటువు చెబుతుంది. ఆ లెక్కన షిల్లింగు పుచ్చుకున్న మా తాత కంటే ఒక్క సెంటు కూడా పుచ్చుకోని ఈ పెద్దమనిషే వెట్టివాడు కావాలి. కష్టంలో ఉన్నదా? చెమట పరిమాణాన్ని బట్టి దాస్యాన్ని కొలిచేటట్లయితే పర్వతారోహకుల కంటే దాసులు ఉండరు. ప్రయోజనంలో ఉన్నదా? తాత మోసిన పట్టాల వల్ల లోకానికి పంచదార వచ్చింది; ఈ ట్రాము ఎక్కడికీ పోదు.

ఎంత ఆలోచించినా నాకు ఒక్కటే తోస్తున్నది. ట్రాము మనిషి మాటల నడుమ, "వచ్చే శనివారం నేను రాను, మా చెల్లెలి ఊరికి పోతున్నాను" అన్నాడు. ఎంత తేలికగా అన్నాడో! గిర్మిట్ చట్టం క్రింద మా తాత ఆ మాట అని ఉంటే అది నేరం. పనికి రాకపోయినా, ఇచ్చిన పని ముగించకపోయినా కుల్లంబర్ కోర్టుకు ఈడ్చేవాడు. జరిమానా, లేదా జైలు. పని ఒక్కటే కావచ్చు, చేతులు ఒక్కటే కావచ్చు. "రాను" అనగలిగిన మనిషి చేసిన పని సేవ. ఆ మాట నోట రానివ్వకుండా చేయించుకున్న పని, కూలి ఇచ్చినా సరే, వెట్టి.

దీనికి ఆక్షేపణ ఉన్నది. మా తాత తానే గదా వేలిముద్ర వేసినాడు అని కొందరు అంటారు. వేసినాడు. కొందరిని దళారులు మోసగించినారు. మరికొందరు ఆకలికో ఇంటి పోరుకో తెలిసే వేసినారు. మా తాత ఏ కోవకు చెందినవాడో ఆయన ఎన్నడూ చెప్పలేదు. అయితే ఒకనాటి అంగీకారం ఐదేళ్ళ ఉదయాలను కొనగలదా? అంగీకారం అనేది ప్రతి ఉదయం క్రొత్తగా ఉండవలసిన వస్తువు, నిన్నటి అన్నం వలె దాచిపెట్టి తినేది కాదు. మరొక ఆక్షేపణ ఇంతకంటే బలమైనది. ట్రాము మనిషికి ప్రభుత్వ పింఛను ఉన్నది గనుక అతడు స్వేచ్ఛగా సేవ చేస్తున్నాడు. ఆకలి ఉన్నవానికి "రాను" అనే మాట ఎక్కడిది? నిజమే. దీనికి నా వద్ద పూర్తి సమాధానం లేదు. ఆకలి కూడా ఒక కుల్లంబరే.

ఇక్కడ మన వ్రాతలను గురించి ఒక మాట చెప్పక తప్పదు. మన పూర్వులు నిష్కామకర్మ చేసినారని, ఫలాపేక్ష లేక చెమటోడ్చినారని ఇటువంటి సంచికలలో తరచు వ్రాస్తుంటాము. నేనూ వ్రాసినాను. ఇప్పుడు ఆ వాక్యం నాకు సిగ్గు కలిగిస్తున్నది. మా తాతకు ఫలాపేక్ష నిండుగా ఉన్నది. షిల్లింగులు లెక్కపెట్టుకున్నాడు, ఊరికి తిరిగి పోవాలనుకున్నాడు, అది కానప్పుడు పది ఎకరాల కౌలు కోరుకున్నాడు. తానుగా విడిచినది త్యాగం. ఇతరులు లాగుకున్న దానికి ఆ పేరు పెట్టరాదు. గీతలో శ్రీకృష్ణుడు ఫలాసక్తి వదలమని చెప్పినది నిజమే. కాని పదునెనిమిదవ అధ్యాయంలో, బోధ ముగించబోతూ, అంతా బాగుగా ఆలోచించుకొని నీకు తోచినట్లు చేయుమని అర్జునునికే విడిచిపెట్టినాడు. ఆ స్వేచ్ఛ లేనివానికి నిష్కామకర్మ బోధించడం యజమానికి లాభం, గీతకు అపచారం.

పాత యంత్రాలను వినోదానికి నడపడం తప్పని నేను అనను. 1912లో లీడ్స్ నగరంలో తయారై ఫిజీలో చెరకు లాగిన ఆవిరి యంత్రం ఒకటి ఇంగ్లండులోని స్టాట్‌ఫోల్డ్‌లో బాగుపడి, సరదాకు వచ్చినవారిని లాగింది. ఈ దేశపు దక్షిణ ద్వీపంలో వకాటిపు సరస్సు కొనన ఉన్న కింగ్‌స్టన్‌కు 1878లో చేరిన రైలు మార్గం మీద కూడా, మిగిలిన 14 కిలోమీటర్ల మేర ప్రజలు వేడుకగా ప్రయాణించినారు. మొదట కోపం వచ్చేది నాకు. మా వాళ్ళ భుజాలు కాయలు కాచిన ఇనుము మీద వీళ్ళకు విహారమా అని. ఆ కోపాన్ని పోగొట్టినది మా నాయన చెప్పిన ఒక సంగతి. లౌతోక, సిగతోకల నడుమ కంపెనీ వారు టిక్కెట్టు లేని ప్రయాణికుల బండి ఒకటి నడిపేవారు. గిర్మిట్ తీరిన తరువాత తాతగారు ఆదివారాలలో ఉతికిన చొక్కా వేసుకొని ఆ బండి ఎక్కేవారట. ఏ పనీ లేదు. ఒక ప్రక్క సముద్రం, మరొక ప్రక్క ఎవరో కోయవలసిన చెరకు. చివరిదాకా పోయి, దిగకుండానే తిరిగి వచ్చేవారట. మనుమరాలికి ఇది చెప్పినాను. "ట్రాము లాగే!" అన్నది.

ఇంతవరకు వ్రాసి ఆపివేయవచ్చును. కాని నన్ను నిజంగా పీడిస్తున్నది మా ఇంటి విషయం. మా కోడలు ఆసుపత్రిలో రాత్రి వంతు పనిచేసే నర్సు. మొన్నటి ఉత్సవానికి ముందురోజు ఆమె, "మామయ్యా, ఈసారి వంటకు రాలేను, నిద్ర లేదు" అన్నది. "దేవుని సేవ కదా, అమ్మా" అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు, వచ్చింది. మధ్యాహ్నం దాకా గుమ్మడికాయలు తరిగింది. సాయంత్రం వేదిక మీద నేనే సేవకులందరికీ కృతజ్ఞతలు చదివినాను, ఆమె పేరు కూడా. ట్రాము మనిషి "రాను" అన్నప్పుడు నాకు కోడలి మౌనం వినిపించింది.

అందరూ కాదనగలిగితే నాలుగు వందల మందికి ఎవరు వండుతారని మిత్రులు అడిగినారు. న్యాయమైన ప్రశ్న. నడిపేవాడు రాని రోజున ట్రాము నడవదు. మనవారు వండగలిగినంతే వండితే పులిహోర, పెరుగన్నంతో కూడా ఉత్సవం జరుగుతుంది. తొమ్మిది రకాలు కావాలని దేవుడు అడగలేదు. అడిగినది మన ప్రతిష్ఠ. పిల్లలు ఆచారాలకు దూరమవుతారన్న భయం నాకూ ఉన్నది. అయితే భయంతో కట్టివేసిన పిల్లలు తాడు తెగిన నాడు వెనక్కి చూడరు.

ఈ ఏడు కోడలిని అడిగినాను. అడగడం అంటే ఏమిటో ఈ వయసులో నేర్చుకోవలసి వచ్చింది. జవాబు ముందే నిర్ణయించుకొని అడగరాదు. ఆమె కొంతసేపు నా ముఖం చూచి, "ఈసారి రాను మామయ్యా" అన్నది. నాకు కోపం వచ్చింది, దాచను. మరునాడు వంటశాలకు పోయి గుమ్మడికాయల ముందు నేనే కూర్చున్నాను. ముక్కలు ఒక పరిమాణంలో రాలేదు. కొన్ని ఉడికినవి, కొన్ని ఉడకలేదు.