పసికందు చికిత్సయు, అహింసావ్రతమును

నీళ్ళు వడగట్టి త్రాగు ఇంట, నెల నిండని బిడ్డకు రక్తములో సూక్ష్మజీవులు చేరినవనుకొందము. అవియును జీవులే. మందు వానిని చంపును. అప్పుడు శ్రావకుడేమి చేయవలెను?

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున, ప్రమాదమువలన, అనగా ఏమరుపాటువలన, ప్రాణములు తీయుటయే హింస యని నిర్వచించినాడు. కావున మందు ఇచ్చితిమా యని మాత్రమే గాక, ఎంత మెలకువతో ఇచ్చితిమి యనియు చూడవలెను.

పసికందు విషయమున జాప్యము ప్రాణాంతకము. పాలు త్రాగకున్నను, ఒళ్ళు చల్లబడినను, ఊపిరి వేగమైనను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. వైద్యులు సాధారణముగా ముందు రక్తము తీసి కల్చరు పరీక్షకు పంపి, ఫలితము కొరకు ఆగక యాంపిసిలిన్, జెంటామైసిన్ వంటి మందులు మొదలుపెట్టుదురు. బిడ్డ బరువు, నెలలు నిండి పుట్టినదో లేదో, పుట్టి ఎన్ని దినములైనదో చూచి మోతాదు నిర్ణయింతురు. రెండు మూడు దినములలో క్రిమి ఏదో తెలిసినచో దానికి తగిన మందునే ఉంచుదురు. కల్చరులో ఏదియు పెరుగక, బిడ్డయు కోలుకొన్నచో ఆపివేయుదురు.

ఈ హద్దు మీరిన మందులు క్రిములను మొండిచేయును. 2011–2014 నడుమ ఢిల్లీలోని మూడు ఆసుపత్రులలో నవజాత శిశువులను పరిశీలింపగా, పలు మందులకు లొంగని క్రిములెన్నో కనబడినవి. మన ఇంట అనవసరముగా వాడిన మందు రేపు పొరుగింటి బిడ్డకు పనిచేయకపోవచ్చును.

పరిగ్రహమునకు పరిమాణము పెట్టుకొనుట మన గృహస్థవ్రతము. మందునకును అట్లే పెట్టుకొందము. బిడ్డ ప్రాణమునకు కావలసిన మందు సంకోచింపక ఇప్పింతము. ఇక చాలునని వైద్యుడు చెప్పిన నాడు, ఇంకను ఇమ్మని పట్టుబట్టకుందము.