భూదేవి ఓర్పు



2001 జనవరి 26. అప్పుడు మేం గుజరాత్‌లోని గాంధీధామ్‌లో ఉండేవాళ్లం. ఉదయం 8 గంటల 46 నిమిషాలు. స్టవ్ మీద పాలు పొంగకుండానే గిన్నెలోంచి ఒలికిపోయాయి. కాళ్ల కింద గూడ్సు బండి పోతున్నట్టు హోరు. భూకంపం. పాపను చంకనేసుకుని మెట్లు ఎలా దిగానో ఇప్పటికీ తెలియదు.

పక్కనే ఉన్న అంజార్‌లో, గణతంత్ర దినోత్సవ ఊరేగింపులో నడుస్తున్న బడిపిల్లల మీద ఇరుకు సందులోని ఇళ్లు కూలిపోయాయి. కచ్ అంతటా వేల ప్రాణాలు పోయాయి.

ఆ రాత్రి అందరం ఆరుబయటే, చలిలో. నేల మళ్లీ మళ్లీ కదులుతూనే ఉంది. గోడ కూలిన ఇంట్లోంచి ఎదురింటి పెద్దావిడ సజ్జరొట్టెలు, బెల్లం వెతికి తెచ్చింది. ముందు మా పాపకు పెట్టి, తర్వాతే తన మనవడికి పెట్టింది.

ఓర్పుకు భూదేవిని చెబుతాం. ఆ రోజు భూమే ఓర్పు తప్పింది. ఆ పెద్దావిడ తప్పలేదు.

భూకంపాన్ని మనం ఆపలేం. కానీ ప్రాణాలు తీసేది ఎక్కువగా కూలే గోడలే. ఇల్లు కట్టేటప్పుడు ఇనుము, సిమెంటు దగ్గర పిసినారితనం వద్దు. కష్టం వచ్చినప్పుడు రొట్టె దగ్గర అసలే వద్దు.