రోమా సంఘాన్ని పౌలు అడిగిన సాయం

ధ్యాన భాగం: రోమా 15:30-33, అపొస్తలుల కార్యములు 28:11-15

రోమీయులకు పత్రిక రాసేనాటికి పౌలు ఇంకా రోమా పట్టణం చూడలేదు. సుమారు క్రీ.శ. 57లో, కొరింథులో ఉండి రాశాడు. అక్కడి విశ్వాసుల్లో ప్రిస్కిల్ల, అకుల లాంటి కొందరు ఆయనకు ఆప్తులు. మిగిలినవాళ్లలో చాలామంది ఆయన ముఖం ఎరగరు. పాపం, కృప, విశ్వాసం, నీతి అంటూ అంత లోతుగా బోధించిన మనిషి, పత్రిక చివరికి వచ్చేసరికి ఆ ముఖం ఎరగని విశ్వాసులనే బతిమాలుకుంటున్నాడు. తన కోసం దేవుని ఎదుట తనతో కలిసి పోరాడమంటున్నాడు.

ఆశ్చర్యం ఏమిటంటే, ఇలా అడిగినవాడు అపొస్తలుడు. మూడో ఆకాశం దాకా కొనిపోబడిన అనుభవం ఉన్నవాడు, తన ద్వారా రోగులు బాగుపడటం కళ్లారా చూసినవాడు. అయినా సామాన్య విశ్వాసుల ప్రార్థన లేకుండా ముందుకు వెళ్లడానికి ఆయన ఇష్టపడలేదు. ఎఫెసీయులను అడిగాడు, కొలొస్సయులను అడిగాడు, థెస్సలొనీకయులను రెండు పత్రికల్లోనూ అడిగాడు. సంకెళ్లలో ఉండి ఎఫెసీయులను అడిగింది కూడా విడుదల కోసం కాదు, సువార్తను ధైర్యంగా చెప్పడానికి మాట దొరకాలని.

రోమా సంఘానికి మాత్రం విషయాలు విడమరచి చెప్పాడు. మొదటిది, యూదయలో సువార్తను ఎదిరించేవాళ్ల చేతిలో నుంచి తప్పించబడాలి. రెండోది, మాసిదోనియ, అకయ సంఘాలు యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం పోగుచేసిన చందాను అక్కడి పరిశుద్ధులు ప్రీతితో స్వీకరించాలి. మూడోది, దేవుని చిత్తమైతే సంతోషంతో రోమాకు చేరి, వాళ్ల మధ్య సేదతీరాలి.

రెండో మనవి దగ్గర కాస్త ఆగండి. విరోధుల సంగతి సరే, సొంత విశ్వాసుల గురించి కూడా పౌలుకు దిగులు ఉంది. అన్యజనుల సంఘాలు పంపిన డబ్బును యూదు విశ్వాసులు మనసారా తీసుకుంటారా, అనుమానంగా చూస్తారా? మేలు చేయబోతూ కూడా ఆ మేలును అవతలివాళ్లు ఎలా అర్థం చేసుకుంటారో అని కలత పడటం సంఘ సేవలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన బాధే. ఆ బాధను పౌలు దాచుకోలేదు, ప్రార్థన మనవిగా పెట్టాడు.

ఆ ప్రార్థనకు జవాబు ఎలా వచ్చిందో అపొస్తలుల కార్యాల్లో చదవవచ్చు. యెరూషలేములో సహోదరులు పౌలును సంతోషంగా చేర్చుకున్నారు. కానీ కొద్ది రోజులకే దేవాలయంలో అల్లరి మూక ఆయన్ని పట్టుకుని చంపబోయింది. రోమా సహస్రాధిపతి సైనికులతో పరుగెత్తుకొచ్చి విడిపించాడు. ఆ తర్వాత నలభై మందికి పైగా యూదులు, పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని ఒట్టు పెట్టుకున్నారు. ఆ కుట్ర పౌలు మేనల్లుడి చెవిన పడింది. ఆ రాత్రే 200 మంది సైనికులు, 70 మంది గుర్రపు రౌతులు, 200 మంది ఈటెలవాళ్లు ఆయన్ని అంతిపత్రి మీదుగా కైసరయకు సాగనంపారు. ఒక్క ఖైదీకి 470 మంది కాపలా! కైసరయలో రెండేళ్లు చెరసాల. తర్వాత ఓడ ప్రయాణం, తుపాను. ఓడ బద్దలైంది గానీ అందులోని 276 మందిలో ఒక్కరి ప్రాణం కూడా పోలేదు.

చివరికి పౌలు రోమా చేరాడు. తాను అనుకున్న దారిలో కాదు, సంకెళ్లతో, కావలి సైనికుడి వెంట. అయినా చేరాడు. ఆయన వస్తున్నాడన్న కబురు విని రోమాలోని సహోదరులు ఎదురు వెళ్లారు. కొందరు త్రిసత్రముల దాకా వెళ్తే, కొందరు ఇంకా ముందుకు, పట్టణానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న అప్పీయా సంతపేట దాకా వెళ్లారు. వాళ్లను చూసి పౌలు దేవునికి కృతజ్ఞతలు చెప్పి ధైర్యం తెచ్చుకున్నాడని లూకా రాశాడు. తుపానులో తోటివాళ్లందరికీ ధైర్యం చెప్పిన మనిషికి ఆ రోజు వాళ్ల ముఖాలు చూశాక ధైర్యం వచ్చింది. పత్రిక అందుకున్న ఆ సంఘం పౌలు కోసం ఎన్ని రాత్రులు మోకరించిందో లేఖనం చెప్పలేదు. కానీ ఒక ఖైదీని కలుసుకోవడానికి అంత దూరం వెళ్లినవాళ్లు అన్నాళ్లూ ఆయన్ని మరచిపోయి ఉంటారని నేను నమ్మలేను.

మన తెలుగు నేల మీద కూడా ఇలాంటి ప్రార్థన జరిగింది. 1854 జనవరి 1న మిషనరీ లైమన్ జ్యూవెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండ ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో వాళ్లకు తెలియదు. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ జాన్ క్లౌ 1865లో ఈ దేశానికి వచ్చి, మరుసటి ఏడు ఒంగోలులో స్థిరపడ్డాడు. 1876-78 నాటి ఘోరమైన కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న, ఒక్క రోజులోనే, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర చెప్పేటప్పుడు క్లౌ పేరే ముందుకు వస్తుంది. నాకైతే ఆయన రాకకు పదకొండేళ్ల ముందే ఆయన కోసం మోకరించిన ఆ ఐదుగురు గుర్తుకొస్తారు. ఆ కొండను ఈనాటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

ఇక మన సంఘంలో సేవ చేస్తున్న పాస్టరుగారి సంగతి చూద్దాం. పొద్దున భూస్థాపన, మధ్యాహ్నం పెళ్లి, సాయంత్రం గృహ కూడిక. ఒకే రోజు ఏడ్చేవాళ్లతో ఏడవాలి, సంతోషించేవాళ్లతో సంతోషించాలి. అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే లేచి వెళ్లాలి. భార్యాభర్తల తగాదాలు, అన్నదమ్ముల ఆస్తి గొడవలు, పిల్లల తాగుడు అన్నీ ఆయన చెవిలో పడతాయి. వాటిలో ఒక్కటి కూడా ఆయన బయట చెప్పుకోకూడదు. పల్లెల్లో ఎందరో సేవకులకు నెల జీతమంటూ ఉండదు, ఆదివారం కానుకే ఆధారం. పాస్టరమ్మగారి చీర గురించి, పిల్లల మార్కుల గురించి కూడా మాట్లాడేవాళ్లుంటారు. "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అని మనం ఆయన్ని ఎన్నోసార్లు అడుగుతాం. "మీ కోసం ఏమని ప్రార్థన చేయమంటారు?" అని మనలో ఎంతమందిమి అడిగాం?

సంఘ పెద్దల కోసం, లెక్కలు చూసే కోశాధికారి కోసం, ఆదివారపు బడి చెప్పే అక్కల కోసం కూడా ప్రార్థించాలి. కమిటీ ఎన్నికల్లో, సంఘ ఆస్తుల మీద కోర్టు కేసుల్లో చల్లారిపోయిన సంఘాలను చూశాం కదా.

పేతురు బొంకక ముందే, అతని నమ్మకం తప్పిపోకూడదని యేసు ప్రభువు ప్రార్థించాడు (లూకా 22:31-32). సేవకుడు పడిపోయాక ఊరంతా మాట్లాడుతుంది. పడకముందు అతని కోసం కన్నీరు కార్చేవాళ్లే తక్కువ. డబ్బు దగ్గర, పొగడ్త దగ్గర, ఒంటరితనంలో సేవకులకు వచ్చే శోధనలు సామాన్యమైనవి కావు. అలాగని ప్రార్థిస్తున్నామనే పేరుతో తప్పును కప్పిపుచ్చకూడదు. పెద్దల మీద నిందకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని చెప్పిన పౌలే, పాపం చేసినవాళ్లను అందరి ఎదుట గద్దించాలని కూడా తిమోతికి రాశాడు. ప్రార్థించే సంఘమే పగ లేకుండా, పక్షపాతం లేకుండా ఆ గద్దింపు చేయగలదు.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ శనివారం రాత్రి మీ పాస్టరుగారు రేపటి వాక్యం కోసం బైబిలు ముందు కూర్చునే వేళ, మీరు కూడా ఇంట్లో కుటుంబమంతా మోకరించండి. ఆయన పేరు, ఆయన భార్య పేరు, పిల్లల పేర్లు ఎత్తి ప్రార్థించండి. వాక్యం చెప్పడానికి ధైర్యం, ఒంటికి ఆరోగ్యం, శోధనలో కాపుదల, అలసటలో సేదతీర్పు ఇమ్మని దేవుణ్ణి అడగండి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ మాట ఆయనతో చెప్పి రండి.